చందమామపై నడచిన కుట్టుపని



గడచిన జులై నెలలో మా గ్రామపు పాఠశాలయందు ఒక బాలిక యడిగిన చిన్న ప్రశ్నకు సమాధానముగా ఈ నెల వ్యాసమును వ్రాయుచున్నాము. ప్రశ్న చిన్నదే యైనను దానికి బదులు వెదకుటకు మాకు మూడు వారములు పట్టెను. వెదకిన పిమ్మట, మేము పూర్వ మాడిన యొక మాటను వెనుకకు దీసికొనవలసి వచ్చెను. ఆ సంగతియు దాచక చెప్పెదము.

మేముండు గ్రామము ఖమ్మము మెట్టచేలు ముగిసి భద్రాచలపు టడవి మొదలగు చోట నున్నది. ఒక ప్రక్క మిరపతోటలు, ప్రత్తిచేలు. మఱియొక ప్రక్క టేకు, తునికి, విప్ప చెట్లు. మా వారు ఇచ్చటి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. జులై 21వ తేదీన వారు పదవ తరగతి పిల్లలకు చంద్రయాత్ర కథ చెప్పిరి. 1969వ సంవత్సరమున అదే దినమున, మన గడియారపు లెక్కన ఉదయము 8 గంటల 26 నిమిషములకు, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను అమెరికా దేశీయుడు చంద్రునిపై తొలియడుగు మోపెను. పాఠము చెప్పుచు మా వారు గోడకొక బొమ్మను తగిలించిరట. తెల్లని బొద్దు దుస్తులు, ముఖమునకు బంగారు వన్నె ముసుగు, వీపున పెద్ద మూట. "సందేహము లేమైన నున్నవా?" యని యడుగగా కొందఱు రాకెట్టు వేగమును గూర్చి యడిగిరి. అంతట వెనుక వరుసలోని యొక పిల్ల లేచి, "సారూ, ఆ బట్టలు ఎవరు కుట్టారు?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మా వారు నవ్వలేదు గాని, బదులు చెప్పలేక ఇంటికి వచ్చి ఆ ప్రశ్నను మా ముందుంచిరి.

ఆ పిల్లను మే మెఱుగుదుము. ఆమె తల్లి తమ యింటి పంచలో కుట్టుమిషను పెట్టుకొని రవికలు, బడిపిల్లల దుస్తులు కుట్టును. తండ్రి రెండెకరములు కౌలునకు దీసికొని మిరప వేయును. వేసవి సెలవులలో ఆ తల్లి మాకడకు వచ్చి, "అమ్మా, ఈ యేడు పది కాంగనే బడి మానిపిద్దామనుకుంటున్నా. మిషను పని బాగానే వచ్చింది గదా, ఏమంటారు?" అని సలహా యడిగినది. మేము క్షణమైన నాలోచింపక, "పోనీలెమ్మా, చదువు అందరికీ అబ్బుతుందా? చేతిలో కుట్టుపని ఉంటే అన్నానికి లోటుండదు" అంటిమి. చదువు వేఱు, కుట్టుపని వేఱు. చదువు రానివారికే సూది యని మా మనస్సున నెక్కడనో పాతుకొనిపోయిన యభిప్రాయమే ఆ మాట పలికించినది. ఆ పిల్ల ప్రశ్నకు బదులు వెదకుచు పోగా, ఆ యభిప్రాయ మెంత పొరపాటో మాకు తెలియవచ్చినది.

మొదట, చంద్రునిపై నడచుటకు ప్రత్యేకమగు దుస్తు లెందుకు కావలెనో చూతము. భారతములో కర్ణుడు సహజకవచముతో జన్మించెనని చదివియున్నాము. ఆలోచించి చూడగా మన మందఱమును కర్ణులమే. భూమిని చుట్టియున్న వాయువే మన సహజకవచము. అది మన శరీరమున ప్రతి చదరపు అంగుళముపైనను సుమారు 14.7 పౌనుల బరువుతో నొత్తుచున్నది. ఆ యొత్తిడి పుట్టుకనుండి యున్నదగుటచే మనకు తెలియదు. ఒత్తిడి తగ్గినకొలది నీరు తక్కువ వేడికే మరగును. ఒత్తిడి బొత్తిగా లేనిచోట మన యొంటి వేడియే నీటిని మరగించుటకు చాలును. 1966వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన అమెరికాలోని హ్యూస్టన్ నగరమున, గాలిని తోడివేసిన గదిలో జిమ్ లెబ్లాంక్ అను నతడు కవచమును పరీక్షించుచుండగా గాలిగొట్ట మూడిపోయెను. కొన్ని క్షణములలోనే యతడు స్పృహ దప్పి పడిపోయెను. వెంటనే గదిలోనికి గాలి వదలుటచే ప్రాణము దక్కెను. స్పృహ తప్పుటకు ముందు తన నాలుకమీది తడి బుడబుడ మరగుట తెలిసెనని యతడు తరువాత చెప్పెను.

గాలి లేమి యొక్కటియే కాదు. చంద్రునిపై పట్టపగటి వేడి 120 డిగ్రీలవఱకు బోవును. రాత్రి చలి సున్నకు దిగువ 150 డిగ్రీలు దాటును. తుపాకి గుండుకంటె వేగముగ వచ్చు సూక్ష్మశిలలకు అడ్డు లేదు. ఇంద్రునికి కవచము నొసగిన కర్ణునివలె, భూమిని విడిచినవాడు తన సహజకవచమును విడిచినవాడే యగును. కావున నతనికి మఱియొక కవచమును మనుష్యులే కుట్టి యీయవలెను.

ఆ కవచమును లోపలినుండి వెలుపలికి వరుసగా విప్పి చూతము. బట్టల మర్మము తెలిసిన మనకు ఈ వరుసయే సులభము.

గంటలకొలది కవచము విప్పుటకు వీలుండదు గావున, నిత్యకృత్యములకు తగిన యేర్పాటు అన్నిటికంటె లోపల నుండును. పసిబిడ్డలను పెంచినవారికి ఇంతకంటె వివరింప నక్కఱలేదు. దానిపైన మెడనుండి పాదములవఱకు ఒంటి నంటిపెట్టుకొని యుండు లోవస్త్రము. దానిలో సన్నని గొట్టములను వలవలె కుట్టిరి. వానిగుండ చల్లని నీరు తిరుగుచుండును. చంద్రునిపై చలి యంత యుండగా చన్నీళ్ళెందుకని మీరడుగవచ్చును. ఫ్లాస్కులో పోసిన కాఫీ చల్లారదు గదా! ఫ్లాస్కు రెండు గోడల నడుమ గాలి లేకుండుటయే దానికి కారణము. కవచమునకు వెలుపలను గాలి లేదు. లోపలి మనిషి నడచుచు, రాళ్ళెత్తుచు, త్రవ్వుచు చెమటలు గ్రక్కునపుడు పుట్టిన వేడి బయటికి బోవు దారి లేక, తన వేడితో తానే యుడికిపోవును. ఆ వేడిని గొట్టములలోని నీరు మోసికొనిపోయి వీపుమీది మూటకు చేర్చును.

ఆ లోవస్త్రముపైన అసలైన ప్రాణరక్షక మగు గాలిసంచి. నైలాన్ బట్టకు నియోప్రీన్ అను కృత్రిమపు రబ్బరును పూసి, మనిషి యాకారమున దీనిని చేసిరి. దీనిలో చదరపు అంగుళమునకు 3.7 పౌనుల యొత్తిడితో శుద్ధమగు ప్రాణవాయువును నింపుదురు. మన గాలిలో ప్రాణవాయువు ఐదవ వంతే గదా. మిగిలినదానిని వదలి ప్రాణవాయువునే నింపినచో తక్కువ యొత్తిడితోనే ఊపిరి జరుగును. ఒత్తిడి తక్కువయైన మఱియొక మేలు కలదు. సైకిలు ట్యూబును గాలికొట్టి వంచి చూడుడు. ఎంత బిగువుగ నున్న నంత వంగదు. మనిషి తొడిగిన సంచియు నట్లే. 1965వ సంవత్సరము మార్చి 18వ తేదీన రష్యా దేశపు అలెక్సీ లియోనోవ్ మొట్టమొదట నౌకను విడిచి శూన్యములోనికి వచ్చినపుడు అతని కవచము ఉబ్బి బిగిసిపోయెను. తిరిగి లోపలికి దూరుటకు వీలులేక, ప్రాణమునకు తెగించి, కవచములోని గాలిని కొంత వదలి యతడు లోన ప్రవేశించెను.

ఈ చిక్కును విడదీయుటకే చంద్రయాత్రికుల కవచమున భుజము, మోచేయి, తొడ, మోకాలు మొదలగు కీళ్ళకడ హార్మోనియపు తిత్తివంటి మడతల రబ్బరును అమర్చిరి. మోచేయి వంచినపుడు లోపలి మడతలు ముడుచుకొని వెలుపలి మడతలు విచ్చుకొనును. లోని గాలికి చోటు తగ్గదు గావున బలము పెద్దగా నక్కఱలేదు. సాగిపోకుండ ప్రక్కలయందు ఉక్కుతీగలను బిగించిరి. రవికచేతికి చంకలో కుచ్చు పోయుటయో చీలిక అతుకుటయో తెలిసిన ప్రతి స్త్రీయు ఈ సూత్రమును కొంతవఱకు ఎఱిగియే యున్నది. కొలతకు సరిపోవుట యొకటి. కదలికకు సరిపోవుట మఱియొకటి.

తలకు పాలీకార్బొనేటను గట్టి పారదర్శక పదార్థముతో చేసిన గోళము. దానిలో తల స్వేచ్ఛగా తిరుగును. దానిపైన ఎండ కడ్డముగా సన్నని బంగారు పూతగల ముసుగు. గోడబొమ్మలో మెఱసినది ఇదియే. చేతితొడుగు లన్నిటికంటె కష్టమైనవి. ఒక్కొక్కని హస్తమునకు అచ్చు తీసి, ఆ యచ్చుపై వానిని చేసిరి. స్పర్శ తెలియుటకై వ్రేళ్ళ చివరల సిలికాన్ రబ్బరును, ఒఱపిడికి నిలుచుటకై పైని ఉక్కుతీగలతో నేసిన వస్త్రమును వాడిరి. పాదరక్షలకు గాళ్ళు పోసిన సిలికాన్ అడుగు. చంద్రధూళిపై ముద్రితమైన ప్రసిద్ధపాదచిహ్నము ఈ పాదరక్షదే. తిరుగు ప్రయాణమున బరువు తగ్గించుటకై ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ లిరువురును ఆ పైపాదరక్షలను, వీపుమూటలను చంద్రునిపైననే విడిచి వచ్చిరి. గడప కీవల చెప్పులు విడుచుట మనకేమి క్రొత్త గాదు!

అన్నిటికంటె వెలుపలిది బహుపొరల పైవస్త్రము. అల్యూమినియము పూసిన మైలార్, కాప్టన్ అను కాగితమువంటి పలుచని పొరలను ఒకదానిపై నొకటి పేర్చి, అవి తమలో తాము తాకకుండ నడుమ నడుమ జాలిబట్టను పఱచిరి. మెఱుపు పొర యెండను త్రిప్పికొట్టును. నడుమనున్న ఎడము వేడిని దాటనీయదు. చివరి పొర తెల్లని బీటా వస్త్రము. దాని వెనుక ఒక విషాద మున్నది. 1967వ సంవత్సరము జనవరి 27వ తేదీన, నేలమీద పరీక్ష జరుగుచుండగనే, అపోలో నౌకలో మంటలు లేచి గ్రిస్సమ్, వైట్, చాఫీ యను మువ్వురు దుర్మరణము పాలైరి. శుద్ధ ప్రాణవాయువులో అగ్ని యెంత ఘోరముగ ప్రబలునో లోకమునకు తెలిసెను. అటుపిమ్మట గాజును నూలువలె వడికి నేసి, టెఫ్లాన్ పూసిన ఈ వస్త్రము వాడుకలోనికి వచ్చెను. ఇది మండదు, 650 డిగ్రీలు దాటినగాని కరుగదు. ఈ పొరలన్నియు కలిసి ఇరువదియొక్కటి యని లెక్క.

ఇక వీపుమీది మూట. దానిలో ప్రాణవాయువు, నీరు, విద్యుత్తు, మాటలాడుకొను రేడియో యున్నవి. విడిచిన యూపిరిలోని బొగ్గుపులుసు వాయువును లిథియం హైడ్రాక్సైడను రసాయనము పీల్చివేయును. వేడెక్కి వచ్చిన నీరు చల్లారుట మిక్కిలి వింత. సన్నని రంధ్రములుగల లోహపు పలకగుండ కొంచెము నీరు శూన్యములోనికి ఊరి గడ్డకట్టును. ఆ మంచు నీరు కాకయే ఆవిరియై పోవుచు వేడిని వెంట గొనిపోవును. వేసవిలో క్రొత్తకుండ చెమర్చి నీటిని చల్లబఱచు చమత్కారమునకు ఇది యొక విధముగ నక్కగారు. తొలి యాత్రలలో ఈ మూట నాలుగు గంటలు పనిచేయునట్లు ఏర్పాటు. అది చెడినచో అరగంటకు సరిపడు ప్రాణవాయువు పైన వేఱుగా నుండును. కవచము, మూట కలిసి భూమిపైన 180 పౌనులు, అనగా సుమారు 82 కిలోగ్రాములు తూగును. చంద్రునిపై ఆకర్షణ యాఱవ వంతే గావున మోయువానికి 30 పౌనులుగా తోచును.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకు వచ్చెదము. కుట్టినదెవరు?

అమెరికాలో డెలవేర్ రాష్ట్రమున డోవరు అను ఊర ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్ అను కంపెనీ యుండెను. అది ప్లేటెక్స్ అను పేర స్త్రీల లోదుస్తులను, పసిపిల్లల రబ్బరు చడ్డీలను చేసి యమ్ముటకు ప్రసిద్ధిచెందినది. 1965వ సంవత్సరమున చంద్రయాత్ర కవచమునకు పోటీ పెట్టినపుడు, యంత్రవిద్యలో పేరుమోసిన సంస్థలను వెనుకకు నెట్టి లోదుస్తుల కంపెనీ గెలిచినది. తమ కవచము తొడిగిన మనిషి మైదానమున పరుగెత్తుచు, వంగుచు, బంతి యాడుచున్న చలనచిత్రమును గూడ వారు తీసి చూపిరి. రబ్బరును శరీరమున కనువుగ మలచుట, బిగువుగ నుండియు కదలనిచ్చుట ఏలాగో వారికి ముందే తెలియును.

ఆ కవచములను కుట్టినది స్త్రీలు. ఎలినార్ ఫోరేకర్, హేజెల్ ఫెలోస్ మున్నగువారు. కొంద ఱంతకుముందు పసిపిల్లల చడ్డీలు కుట్టుచుండినవారే. వాడినవి సింగర్ కుట్టుమిషనులు, మన యూళ్ళలోని మిషనులకు దాయాదులే. కాని నియమములు మాత్రము వేఱు. కుట్టు అంగుళములో ముప్పదిరెండవ వంతైనను ప్రక్కకు జరుగరాదు. రబ్బరు పూసిన బట్టపై ఒకమారు సూది దిగినచో రంధ్రము నిలిచిపోవును. విప్పి మరల కుట్టుదమన్న వీలులేదు. కావున ఒక్కొక్క కుట్టును లెక్కించుచు, మిషనును మెల్లగ నడపుచు కుట్టిరి. ఒకమారు పొరలనడుమ మఱచిపోయిన గుండుసూది కనబడగా, గుండుసూదులకు లెక్క యేర్పఱచి, పూర్తియైన పనిని ఎక్స్‌రే తీసి చూచుట మొదలిడిరి. ఒక్క గుండుసూది గాలిసంచిని గ్రుచ్చినచో నొక ప్రాణము పోవును గదా. ప్రధానయాత్రికుడు ప్రతివానికి అభ్యాసమునకు ఒకటి, యాత్రకు ఒకటి, అది చెడినచో మాఱుగా నొకటి, వెరసి మూడు కవచములు అతని కొలతలకే కుట్టవలెను.

1969 జులై మొదలు 1972 డిసెంబరు వఱకు ఆఱు యాత్రలలో పండ్రెండుగురు చంద్రునిపై నడచిరి. చివరి యాత్రికు లిరువురు మూడు విడతలుగా ఇరువదిరెండు గంటలు బయట పనిచేసిరి. గాజుపొడివలె కఱకైన చంద్రధూళి చేతితొడుగులను అరగదీసెను, కీళ్ళలో నిఱికెను; ఐనను కవచము చినిగి యొక్కడైనను ప్రాణము గోల్పోలేదు. ఆ పండ్రెండుగురి పేళ్ళు పాఠ్యపుస్తకములలో నున్నవి. కుట్టినవారి పేళ్ళు లోకమునకు తెలియుటకు చాల యేండ్లు పట్టెను. రామాయణమున అడవికి బోవు సీతకు వాడని, మాయని వస్త్రముల నిచ్చినది అనసూయ. సీత నారచీర లారవేసెనని చెప్పు పర్ణశాల మాకు దాపుననే యున్నది. కాని అక్కడికి బోయినవా రెంతమంది అనసూయను తలంతురు?

ఈ సంగతు లన్నియు వ్రాసికొని ఒక సాయంకాలము మేము ఆ పిల్ల యింటికి బోయితిమి. తల్లి మిషను నాపి శ్రద్ధగ విన్నది. పూర్తి యగువఱకు పలుకక, చివర నొక్క ప్రశ్న వేసినది: "సూది పడ్డ ప్రతిచోటా బొక్క ఉంటది గదమ్మా. గాలి ఎట్లా ఆగింది?"

ఇన్ని పుటలు చదివిన మాకు ఆ ప్రశ్న తోచనేలేదు. ఇంటికి వచ్చి మరల వెదకితిమి. గాలిసంచి కుట్లపై జిగురు పూసి, పట్టీ లంటించి, ప్రతి రంధ్రమును మూసిరి. బహుపొరల పైవస్త్రమునకు ఆ బాధ లేదు. గాలిని నిలుపుట దాని పని కాదు. ఐదవ తరగతితో చదువు మానిన యొక స్త్రీ, నలుబది యేండ్లు సూదిపట్టిన యనుభవమున, విషయపు గుండెకాయను తాకినది. చదువు రానివారికి సూది యని యెట్లంటిమో యని మాకు మిక్కిలి లజ్జ గలిగెను.

మఱునాడు పిల్లను పిలిచి, "ఇంతమందిలో నీకే యీ ప్రశ్న ఎందుకు తోచెను?" అని యడిగితిమి. కొంతసేపు తలవంచుకొని, "నాన్న మందు కొట్టేటప్పుడు వేసుకోను అట్లాంటిది కుట్టొచ్చేమో అని" అనినది.

నిరుడు కార్తికమాసమున ఆమె తండ్రి మిరపతోటలో పురుగుమందు కొట్టి వచ్చి, కన్నులు తిరిగి, వాంతులై, మూడు దినములు ఆసుపత్రిలో నుండెను. వీపున డబ్బా, ముక్కునకు కండువా, మోకాళ్ళపైకి ఎగగట్టిన పంచ, వట్టి కాళ్ళు. ఈ ప్రాంతమున ఏ చేనికి బోయినను కనబడు దృశ్యమే. గోడబొమ్మలోని మనిషి వీపునను మూటయే, మిరపచేనిలోని మనిషి వీపునను మూటయే. ఆ మూటలో ప్రాణ మున్నది. ఈ మూటలో విష మున్నది. తరగతిలో నవ్విన పిల్లల తండ్రులలోను ఆ డబ్బాను మోయువారు చాలమంది.

అదిమొదలు ముగ్గురము కూర్చుండి యాలోచించితిమి. ఇరువదియొక్క పొరలు మనకు కూడవు. ఇచ్చటి యెండలో రెండు పొరలు తొడిగినను మనిషి సొమ్మసిల్లును. వేడి బయటికి బోవలెను, విషము లోపలికి రారాదు. అక్కడి చిక్కే ఇక్కడను. మందు ఎక్కడ తగులునో ముందు చూడవలెనని పిల్లయే చెప్పినది. డబ్బా కారి వీపు తడియును. కొట్టిన సాళ్ళలో నడచుటచే తొడలు, మోకాళ్ళు తడియును. మందు కలుపునపుడు చేతులు తడియును. కావున ఒడలంతకు ముతక నూలుబట్టతో పొడుగు చేతుల చొక్కా, నిండు పైజామా కుట్టిరి. వీపునకును, తొడల ముందు భాగమునకును మాత్రము నీరు దిగని బట్టను, క్రింద గాలియాడునట్లు పై యంచున మాత్రమే అతికిరి. చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్ళకు బూట్లు అంగడిలో కొనిరి. ముక్కునకు కండువా చాలదు. మందులవాయువు బట్టగుండ సులభముగ దూరును, దానికి తగిన వడపోత ముసుగు వేఱుగా దొరకును. కొత్తగూడెము బొగ్గుగనుల ప్రాంతమున బంధువులున్నవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. గనులలో విషవాయువు నిండినపుడు రక్షకదళమువారు ధరించు యంత్రమందును, చంద్రయాత్రికుని మూటయందువలెనే, విడిచిన యూపిరిలోని బొగ్గుపులుసు వాయువును రసాయనమే పీల్చివేయును.

మందు కొట్టువారు గల యిండ్ల సోదరీమణులకు ఇచ్చట నాలుగు మాటలు. గాలి వీపువైపునుండి వీచునట్లు నడచి కొట్టుమని చెప్పుడు. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి యుతుకకుడు. వేఱుగా, చేతులకు తొడుగులు వేసికొని యుతుకుడు. ఇంటికి రాగానే సబ్బుతో స్నానము చేయనిండు. అంతవఱకు బిడ్డల నెత్తుకొననీయకుడు. తల తిరిగిన, కన్ను మసకబాఱిన, వాంతియైన, మందు సీసాను వెంటగొని ఆసుపత్రికి బొండు.

చంద్రయాత్రతోనే ఈ విద్య ముగియలేదు. హైదరాబాదునుండి చదువునకై అమెరికా వెళ్ళిన తండ్రికి అచ్చట జన్మించిన రాజా చారి, 2022వ సంవత్సరము మార్చి 15వ తేదీనను, 23వ తేదీనను అంతరిక్షకేంద్రమును వెడలి, ఒక్కొక్క మారు ఏడు గంటలకు కొంచెము తక్కువగ శూన్యములో పనిచేసెను. ఆ కవచపు మెత్తని భాగములు కుట్టినదియు డోవరు కంపెనీయే. రెండవమారు అతని తోడివాడైన మథియాస్ మౌరర్ శిరస్త్రాణములో తిరిగివచ్చిన పిమ్మట నీరు కనబడెను. ఒంటిని చల్లబఱచు నీరే దారి తప్పినచో ముంచివేయగలదు గావున, అత్యవసరమైనగాని బయటికి బోరాదని కొంతకాలము నిలిపివేసిరి. మఱియొక సంగతి మన మెఱుగదగినది. 2019వ సంవత్సరము మార్చిలో ఇరువురు స్త్రీలు కలిసి బయటికి బోవలసియుండగా, ఇరువురకు సరిపోవు నడిమి కొలత కవచ మొక్కటియే సిద్ధముగ నుండుటచే ఒకరు ఆగిపోవలసి వచ్చినది. అదే సంవత్సరము అక్టోబరు 18వ తేదీన క్రిస్టినా కోక్, జెస్సికా మెయిర్ లిరువురును ఆ లోటు తీర్చిరి. కొలత దీయువారు ఎవరిని తలచుకొని కొలతురో వారికే ద్వారము తెఱవబడును.

ఇక మా గ్రామపు సంగతి. ఆ దుస్తులను తండ్రి మూడుమారులు తొడిగెను. నాలుగవమారు ఉక్కయని విప్పి గట్టుపై పెట్టెను. పిల్ల కోపగింపక, చంకలక్రింద బట్ట తీసి జాలి వేయుచున్నది. ఏ బట్టగుండ ఏ మందు దూరును, ఎంత వేడికి మనిషి తాళును, జిగురు ఎండకు ఎన్నాళ్ళు నిలుచును అని మా వారిని రోజున కొక ప్రశ్న యడుగుచున్నది. పదవ తరగతి పుస్తకములో వానికి బదులు లేదని మా వారు చెప్పిరి. తరువాతి పుస్తకములలో నున్నదనియు చెప్పిరి.

ఆ మాటను గొనిపోయి మేమే తల్లికి చెప్పితిమి. "వేసవిలో మేమన్న మాట తప్పమ్మా. కుట్టుపని వచ్చిందని చదువు మానిపించటం కాదు, కుట్టుపని వచ్చింది కాబట్టే చదివించాలి" అంటిమి. ఆమె వెంటనే యౌనని యనలేదు. కౌలు బాకీ యున్నది, క్రిందివారు మఱి యిద్దఱు పిల్లలున్నారు. దారము పంటితో తెంపి, "ఖర్చు ఎంతవుతదో సారును ఒక కాగితం మీద రాసిమ్మనండమ్మా" అనినది. మా వారు వ్రాసి యిచ్చిరి. ఆ కాగితము ఇప్పుడు మిషను సొరుగులో, బాబిన్ల ప్రక్కన నున్నది. సంక్రాంతికి మిరప తొలికోత అమ్మిన పిమ్మట నిర్ణయము చెప్పెద మనిరి.

మీ యిండ్లలోను, మీ యిరుగుపొరుగుల యందును మిషను ముందు కూర్చున్న పిల్ల యుండవచ్చును. "దీనికి చదువెందుకు?" అను మాట మీ నోటికి వచ్చినచో, మాకు వచ్చినట్లే, ఒక నిమిష మాగి ఆమె యేమి యడుగుచున్నదో వినుడు.